రెండో సంతకం ఎవరిది?

2026 ఫిబ్రవరి 12న బంగ్లాదేశ్ ఓటరు చేతికి రెండు ఓటుపత్రాలు అందాయి. మొదటిది తన నియోజకవర్గం నుంచి పార్లమెంటు సభ్యుణ్ణి ఎన్నుకోవడానికి. రెండోది అవును, కాదు అని మాత్రమే చెప్పడానికి. 2025 అక్టోబరు 17న ఢాకాలో అనేక పార్టీలు సంతకాలు చేసిన జులై జాతీయ పత్రంలోని రాజ్యాంగ సంస్కరణలకు సమ్మతిస్తారా అన్నది ఆ రెండో పత్రంలోని ప్రశ్న. ఆ సంస్కరణల్లో ఒకదాని ప్రకారం, ఇంతవరకు ఒకే సభతో నడుస్తూ వచ్చిన ఆ దేశపు జాతీయ సంసద్‌కు నూరుగురు సభ్యులతో ఒక ఎగువ సభ తోడవుతుంది.

పొరుగు దేశపు చట్టసభకు ఒక సభ ఉంటే ఏమి, రెండుంటే ఏమి, మన కష్టాలు మనకు చాలవా అని పాఠకులు అడగవచ్చు. మా మసీదు వరండాలో ఈ మాట ఎత్తినప్పుడు ఒక యువకుడు సరిగ్గా అలాగే అడిగాడు. అతనికి ఆనాడు చెప్పిన జవాబునే ఇక్కడ కొంత విపులంగా రాస్తున్నాము.

2022 జనగణన ప్రకారం బంగ్లాదేశ్‌లో ముస్లింలు 91 శాతం. హిందువులు 8 శాతానికి కాస్త తక్కువ. బౌద్ధులు, క్రైస్తవులు ఇద్దరూ కలిసి ఒక శాతం లోపు. అక్కడ ముస్లింలు అధికసంఖ్యాకులు, ఇక్కడ మనం అల్పసంఖ్యాకులం. అధికసంఖ్యాకులుగా ఉన్నచోట ముస్లింలు ఎటువంటి సభను నిర్మించుకుంటారన్నది, అల్పసంఖ్యాకులుగా ఉన్నచోట మనం అడిగే న్యాయానికి ఒక పరీక్ష. 2025 డిసెంబరులో మైమెన్‌సింగ్ జిల్లాలో దైవదూషణ చేశాడన్న ఆరోపణతో ఒక హిందూ కార్మికుణ్ణి గుంపు కొట్టి చంపింది. మన దేశంలో గోవు పేరిట జరిగిన మూకహత్యలను ఏ నోటితో ఖండించామో ఆ నోటితోనే దీనినీ ఖండించనివారికి, మైనారిటీ హక్కుల గురించి మాట్లాడే అర్హత ఉండదని మా నమ్మకం. అందువల్ల ఢాకాలో రాబోయే రెండో సభ గురించి మేము అడిగే ప్రశ్న ఒక్కటే: దానివల్ల సంఖ్యలో తక్కువైనవారికి దక్కేదేమిటి?

ఒకే సభ చేసిన పనులు

బంగ్లాదేశ్ 1972లో తన రాజ్యాంగాన్ని రాసుకున్నప్పుడు ఏకసభను ఎంచుకుంది. చిన్న దేశం, ఒకే భాష మాట్లాడే ప్రజలే అత్యధికులు, రాష్ట్రాలు లేవు, కాబట్టి రాష్ట్రాల సభ అక్కరలేదన్న వాదన అప్పటికి సబబుగానే తోచింది. అయితే అదే రాజ్యాంగంలో 70వ అధికరణం ఉంది. తనను నిలబెట్టిన పార్టీకి వ్యతిరేకంగా ఓటు వేసిన సభ్యుడి స్థానం ఖాళీ అయిపోతుందని అది చెబుతుంది. ఒకే సభ, ఆ సభలో ఒకే పార్టీకి పెద్ద సంఖ్య, ఆ పార్టీలో ఎదురు ఓటు వేసే వీలు లేని సభ్యులు. ఈ మూడూ కలిసినచోట చట్టం చేయడమంటే ఒక్క మనిషి అనుకున్నది కాగితం మీద పెట్టడమే.

జరిగింది కూడా అదే. 1975 జనవరి 25న నాలుగో రాజ్యాంగ సవరణ ఒక్కరోజులోనే సభ ముందుకు వచ్చి, ఆమోదం పొంది, అమలులోకి వచ్చింది. బహుపార్టీ ప్రజాస్వామ్యం పోయి ఏకపార్టీ పాలనకు దారి తెరుచుకుంది. 1988లో ప్రధాన ప్రతిపక్షాలు బహిష్కరించిన ఎన్నికల ద్వారా ఏర్పడిన సభ ఎనిమిదో సవరణ చేసి ఇస్లాంను రాజ్యమతంగా ప్రకటించింది. 2011 జూన్ 30న పదిహేనో సవరణ, ఎన్నికల సమయపు తటస్థ ఆపద్ధర్మ ప్రభుత్వ ఏర్పాటును తొలగించింది. ఆ తర్వాత 2014లో జరిగిన ఎన్నికల్లో 300 స్థానాలకు గాను 153 స్థానాల్లో పోటీయే లేకపోయింది. ప్రతిసారీ సభ ఒక్కటే. ఆగి చూడమని చెప్పే రెండో చోటు లేదు.

ఇందులో అల్పసంఖ్యాకుల కథ ఇంకా పాతది. 1972లో రాజ్యాంగసభలో చిట్టగాంగ్ కొండప్రాంతాల ప్రతినిధి మానవేంద్ర నారాయణ్ లార్మా, దేశ పౌరులందరినీ బెంగాలీలుగా పేర్కొనడాన్ని వ్యతిరేకించారు. తాము చక్మాలమని, బెంగాలీలం కామని ఆయన వాదన. సభ వినలేదు. ఆయన లేచి బయటకు నడిచారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఆ కొండల్లో సాయుధ పోరు సాగింది. 1997 డిసెంబరు 2న గాని శాంతి ఒప్పందం కుదరలేదు. అయినా 2011 నాటి పదిహేనో సవరణలో దేశ ప్రజలు జాతిగా బెంగాలీలన్న మాట మళ్ళీ వచ్చి కూర్చుంది. నాలుగు దశాబ్దాల కింద ఒక్కగొంతు చెప్పిన అభ్యంతరాన్ని నమోదు చేసి, మరోసారి చర్చకు పెట్టే స్థలం ఆ నిర్మాణంలోనే లేదు.

ఓట్ల లెక్క, సీట్ల లెక్క

రెండో సభ కావాలన్న విషయంలో అక్కడి ప్రధాన పార్టీల మధ్య పెద్ద తగవు లేదు. బంగ్లాదేశ్ నేషనలిస్ట్ పార్టీ కూడా తన సంస్కరణల ప్రణాళికలో ఎగువ సభను వాగ్దానం చేసింది. తగవంతా ఆ సభ్యులు ఏ లెక్కన రావాలన్నదాని మీదే. దిగువ సభలో పార్టీలకు వచ్చిన సీట్ల నిష్పత్తిలో ఎగువ సభను నింపాలని ఆ పార్టీ అంటుంది. దేశం మొత్తం మీద పార్టీలకు పడిన ఓట్ల నిష్పత్తిలో నింపాలని జాతీయ పత్రం చెబుతుంది. దీనిపై ఆ పార్టీ తన అసమ్మతిని నమోదు చేసింది.

వినడానికి ఇది గుమాస్తాల తగవులా ఉంటుంది. మేము గుమాస్తాలమే గనుక ఈ లెక్కను దగ్గరగా చూశాము. 2001 ఎన్నికల్లో నేషనలిస్ట్ పార్టీకి దాదాపు 41 శాతం ఓట్లు వచ్చాయి. అవామీ లీగ్‌కు 40 శాతానికి కాస్త పైన వచ్చాయి. తేడా ఒక్క శాతం కూడా లేదు. సీట్లు మాత్రం మొదటి పార్టీకి 193, రెండో పార్టీకి 62. 2008లో గాలి తిరిగింది. అవామీ లీగ్‌కు 48 శాతం ఓట్లతో 230 సీట్లు దక్కాయి. నేషనలిస్ట్ పార్టీకి 32 శాతానికి పైగా ఓట్లు వచ్చినా 30 సీట్లే మిగిలాయి. ఈ రెండు ఎన్నికల్లోనూ ఎగువ సభను సీట్ల లెక్కన నింపి ఉంటే, అది కింది సభ మొహం చూసుకునే అద్దమయ్యేది. ఓట్ల లెక్కన నింపి ఉంటే నూరుగురిలో గెలిచిన పార్టీకి ఒకసారి 41 మంది, మరోసారి 48 మంది ఉండేవారు. రాజ్యాంగాన్ని మార్చాలంటే ఎగువ సభలో సగానికి పైగా సభ్యుల ఆమోదం కావాలని ఇప్పుడు ప్రతిపాదిస్తున్నారు. ఆ నిబంధన అప్పుడే ఉండి ఉంటే, 2011లో పాలకపార్టీ మిత్రపక్షాల ఇంటికైనా, ప్రతిపక్షం ఇంటికైనా వెళ్ళి మాట్లాడవలసి వచ్చేది. ఒంటరిగా సాగేది కాదు.

అద్దం లాంటి సభ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి బంగ్లాదేశ్‌కు దూరం పోనక్కరలేదు. అక్కడి సంసద్‌లో 300 మంది నేరుగా ఎన్నికవుతారు. మహిళలకు కేటాయించిన మరో 50 స్థానాలను పార్టీలు తమ సీట్ల నిష్పత్తిలో పంచుకుంటాయి. ఆ 50 మంది రాకతో సభలో మహిళల సంఖ్య పెరిగింది గాని పార్టీల బలాబలాల్లో వీసమెత్తు మార్పు రాలేదు. నియమించిన పార్టీకి జవాబుదారీ అయిన సభ్యుడు, ఎవరి పేరిట ఆ స్థానం ఏర్పడిందో వారికి జవాబుదారీ కాలేడు.

శ్రీలంక అనుభవమూ ఇదే చెబుతుంది. 1947 నుంచి అక్కడ 30 మంది సభ్యుల సెనేట్ ఉండేది. అందులో 15 మందిని దిగువ సభ ఎన్నుకునేది. మిగిలిన 15 మందిని ప్రభుత్వ సలహాపై గవర్నర్ జనరల్ నియమించేవారు. అంటే పుట్టుకలోనే పాలకపక్షపు నీడ. తోటల్లో పనిచేసే తమిళుల పౌరసత్వాన్ని హరించిన 1948 నాటి చట్టాన్ని గాని, సింహళాన్ని ఏకైక అధికారభాష చేసిన 1956 నాటి చట్టాన్ని గాని ఆ సభ ఆపలేదు. ఆపని సభ ఎందుకన్నట్టు 1971లో దాన్నే రద్దు చేశారు. మరుసటి ఏడాది వచ్చిన కొత్త రాజ్యాంగంలో మైనారిటీలపై వివక్ష చూపే చట్టాలను నిషేధించిన పాత రక్షణ కూడా మాయమైంది. పనిచేయని కాపలాదారుణ్ణి తీసేయడానికి ఎవరూ ఏడవరు. కాని ఆ తర్వాత ఇంటికి తాళం కూడా ఉండదు.

రాజ్యసభ మనకిచ్చినది, ఇవ్వలేనిది

ఇక మన ఇంటి సంగతి. రాజ్యసభ మన దేశంలో అల్పసంఖ్యాకుల సభ కాదు, రాష్ట్రాల సభ. అయినా లోక్‌సభలో మన ఉనికి పలచబడిన కాలంలో దాని విలువ మనకు తెలిసివచ్చింది. 2014 ఎన్నికల్లో దేశంలోకెల్లా పెద్ద రాష్ట్రమైన ఉత్తరప్రదేశ్ నుంచి ఒక్క ముస్లిం కూడా లోక్‌సభకు ఎన్నిక కాలేదు. 31 శాతం ఓట్లతో ఒక పార్టీ 282 స్థానాలు గెలిచింది. రాజ్యసభలో మాత్రం ఆ రోజు గాలి ఒక్కటే వీయలేదు. అక్కడి సభ్యుల పదవీకాలం ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడోవంతు మారతారు. వారిని ఎన్నుకునేది శాసనసభ్యులు, అదీ నైష్పత్తిక పద్ధతిలో. వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు రాష్ట్రాల్లో వీచిన గాలులన్నీ ఆ సభలో కలుస్తాయి.

ఆ తేడా వల్ల ఏమి దక్కిందో మూడు తలాక్ బిల్లు చరిత్ర చెబుతుంది. 2017 డిసెంబరులో లోక్‌సభ దాన్ని ఒక్కరోజులో ఆమోదించింది. రాజ్యసభలో అది నిలిచిపోయింది. ఆ విరామంలో దేశమంతటా చర్చ సాగింది. 2018 ఆగస్టులో ప్రభుత్వమే బిల్లును సవరించింది. మేజిస్ట్రేటు బెయిలు ఇచ్చే వీలు కల్పించింది. భార్య గాని ఆమె బంధువులు గాని ఫిర్యాదు చేస్తేనే కేసు పెట్టాలంది. భార్యాభర్తలు రాజీకి వచ్చే అవకాశమిచ్చింది. చివరకు 2019 జులై 30న 84కు వ్యతిరేకంగా 99 ఓట్లతో రాజ్యసభ దాన్ని ఆమోదించింది. బిల్లు ఆగలేదు. కాని దారినపోయే ఎవరైనా ఫిర్యాదు చేసి మనవాళ్ళను జైలుకు పంపగల మొదటి రూపంలో అది చట్టం కాలేదు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న విషయంలో మన సమాజంలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. ఏ అభిప్రాయం ఉన్నవారైనా ఈ తేడాను కాదనలేరు.

పౌరసత్వ సవరణ బిల్లు 2019 జనవరిలో లోక్‌సభ దాటి రాజ్యసభ గుమ్మం దగ్గర ఆగింది. సభ రద్దు కావడంతో మురిగిపోయింది. అదే ఏడాది డిసెంబరు 11న కొత్త బిల్లు రాజ్యసభను దాటింది. 2019 ఆగస్టు 5న జమ్మూ కశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా విడదీసే బిల్లు మొదట వచ్చింది రాజ్యసభకే. రాష్ట్రాల హక్కులను కాపాడవలసిన సభ, ఒక రాష్ట్రం రాష్ట్రంగా లేకుండా పోయే బిల్లును అదే రోజు ఆమోదించి పంపింది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లును లోక్‌సభ అర్ధరాత్రి దాటాక 288-232 ఓట్లతో, ఆ మరుసటి రాత్రి రాజ్యసభ 128-95 ఓట్లతో ఆమోదించాయి. సంఖ్య ఉన్నప్పుడు రెండు సభలూ ఒకే సభ అవుతాయి. రాజ్యసభ మనకిచ్చింది వ్యవధి. వ్యవధి దాటిన తర్వాత రక్షణ ఇవ్వడం దానివల్ల కాలేదు.

శత్రు ఆస్తుల చట్టం సంగతి ఇంకా చెప్పుకోదగినది. 1965 యుద్ధకాలంలో నాటి తూర్పు పాకిస్తాన్‌లో భారత్‌కు వెళ్ళిపోయినవారి ఆస్తులను 'శత్రు ఆస్తి' అన్నారు. దేశం పేరు మారాక 1974లో ఆ చట్టం పేరు మారింది గాని కోరలు ఊడలేదు. ఎన్నో హిందూ కుటుంబాలు తరతరాల భూములు పోగొట్టుకున్నాయి. 2001లో తిరిగి ఇచ్చే చట్టం వచ్చాక కూడా వారు కచేరీల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. మన దేశంలో పాకిస్తాన్‌కు వెళ్ళినవారి ఆస్తులకు 1968లో అదే పేరుతో చట్టం వచ్చింది. వారసులు భారత పౌరులే అయినా వారికి హక్కు లేకుండా చేసే సవరణ రాజ్యసభలో నిలిచిపోగా, ప్రభుత్వం ఐదుసార్లు ఆర్డినెన్సు జారీ చేసింది. 2017లో ఆ సవరణ చట్టమైంది. సరిహద్దుకు ఆ వైపు హిందువు, ఈ వైపు ముస్లిం. పోయినది మాత్రం ఇద్దరికీ తాతల నేలే. ఇద్దరి కష్టమూ ఒక్కటేనని గుర్తించనిచోట మన వాదనకు సగం బలం పోతుంది.

మండలి చెప్పిన పాఠం

తెలుగువారికి ఈ చర్చ కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1958లో ఏర్పడిన శాసనమండలి 1985లో రద్దయింది, 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులు మండలికి వచ్చినప్పుడు, అప్పటి ఛైర్మన్ మహమ్మద్ అహ్మద్ షరీఫ్ తన విచక్షణాధికారంతో వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. అయిదు రోజులకే, జనవరి 27న, మండలిని రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్నే వెనక్కు తీసుకుంది. అప్పటికి మండలిలో బలాబలాలు మారాయి. రాజధానుల చట్టాలను కూడా ప్రభుత్వం అదే నెలలో ఉపసంహరించుకుంది. ఆ బిల్లులు సరైనవా కావా అన్నది వేరే చర్చ. అడ్డు చెప్పిన రోజున సభే అక్కరలేదన్నారు, అడ్డు తొలగిన రోజున ఉండనీ అన్నారు. పార్టీ ఏదైనా పాలకులకు రెండో సభ మీద ఉండే ప్రేమ ఇంతే.

మండలి వల్ల మనకు మరో మేలు కూడా కలిగింది. ప్రత్యక్ష ఎన్నికల్లో ముస్లిం అభ్యర్థికి టికెట్టు ఇవ్వడానికి వెనుకాడే పార్టీలు మండలిలో చోటిస్తాయి. 2014లో తెలంగాణ తొలి ఉపముఖ్యమంత్రుల్లో ఒకరైన మహమూద్ అలీ మండలి సభ్యులే. మంచిదే. కాని మండలి తలుపు తెరిచి శాసనసభ తలుపు మూసే ఏర్పాటుగా ఇది మారకూడదు. దయగా ఇచ్చిన కుర్చీలో కూర్చున్నవాడు దయ చూపినవారి వైపు చూస్తాడు, పంపినవారి వైపు కాదు.

రెండు ఫైళ్లు

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన మాకు రెండో సభ అనగానే రెండో సంతకం గుర్తొస్తుంది. కింది ఉద్యోగి నోటు రాస్తాడు, ఒక అధికారి సంతకం చేస్తాడు, ఆపై అధికారి మరో సంతకం చేస్తాడు. ఆ రెండో సంతకం ఎందుకో మాకు రెండు ఫైళ్లు నేర్పాయి.

ఒకసారి ఒక పట్టణంలో మార్కెట్టుకు స్థలం ప్రతిపాదిస్తూ వచ్చిన ఫైలులో ఆ నేలను ప్రభుత్వ పోరంబోకుగా చూపారు. మొదటి సంతకం అప్పటికే పడింది. పాత రిజిస్టరు తిరగేస్తే వ్యాఖ్యల గడిలో వెలిసిపోయిన సిరాతో 'ముసల్మానుల శ్మశానం' అన్న మాట కనబడింది. ఆ పుట నకలు జతచేసి పంపాము. రెండో అధికారి మన మతస్థుడు కాదు, మాకు పరిచయస్థుడూ కాదు. స్థలం చూసి వచ్చారా అని ఒక్క వాక్యం రాసి ఫైలు వెనక్కు పంపాడు. ఆ వాక్యం వల్ల రెండు నెలలు గడువు దొరికింది. ఆ రెండు నెలల్లో పెద్దలు కాగితాలు వెదికి తెచ్చారు. ఆ ఖబరస్థాన్ ఈనాటికీ ఉంది.

మరోసారి పింఛన్ల రద్దు జాబితా వచ్చింది. ఒక కాగితంలో 'బీ' అని, మరో కాగితంలో 'బేగం' అని ఉన్నందుకు కొందరు వితంతువుల పేర్లు అనర్హుల వరుసలో చేరాయి. పుటలు ఎక్కువ, సాయంకాలమైంది. మా అభ్యంతరం నోటులోనే ఉండిపోయింది. రెండో సంతకం చదవకుండానే పడింది. పేర్లు సరిచేయించడానికి రెండేళ్లు పట్టింది. మంజూరు కాగితం తీసుకుని వెళ్ళేసరికి ఒక ముసలామె ఇంట్లో లేదు, భూమిలో ఉంది.

రెండు ఫైళ్లలోనూ రెండో సంతకం ఉంది. ఒకటి చూసి చేసినది, మరొకటి చూడక చేసినది. ఢాకాలో కట్టబోయే సభ ఈ రెండింటిలో ఏది కాబోతోందన్నదే అసలు విషయం.

ఏమి ఉంటే ఆ సభ సభ అవుతుంది?

ఎగువ సభ మీద వినవచ్చే అభ్యంతరాలు మేము ఎరుగనివి కావు. ఖర్చు పెరుగుతుందంటారు. ఓడిపోయిన నాయకులకు పునరావాస కేంద్రమవుతుందంటారు. గెలిచిన ప్రభుత్వం చేతులు కట్టేస్తుందంటారు. మొదటి రెండూ నిజం కావచ్చు. మూడోది అభ్యంతరం కాదు, ఆ సభ చేయవలసిన పనే. చేతులు ఎప్పటికీ కట్టేయాలని ఎవరూ అనడం లేదు. మామూలు బిల్లులను ఎగువ సభ నిర్ణీత గడువుకు మించి ఆపలేదని ప్రతిపాదనల్లోనే ఉంది. నూరుగురి జీతభత్యాలకయ్యే ఖర్చు, ఒక్కరోజులో మారిపోయిన రాజ్యాంగానికి ఆ దేశం చెల్లించిన మూల్యం కంటే ఎక్కువ కాదు.

ఓట్ల నిష్పత్తి అన్న నియమం నిలవాలి. అది పోతే సభ ఉన్నా లేనట్టే. అయితే అది ఉన్నంత మాత్రాన సరిపోదు. రెండు సభలూ ఒకే రోజు పడిన ఓట్ల నుంచే పుడుతున్నాయి గనుక, రాజ్యసభకున్న వేర్వేరు ఏళ్ల గాలి ఆ సభకు ఉండదు. ఆ లోటును సభ్యుల స్వేచ్ఛ పూరించాలి. ద్రవ్య బిల్లు, విశ్వాస తీర్మానం తప్ప మిగిలినవాటిలో సభ్యుడు తన మనస్సాక్షి ప్రకారం ఓటు వేయవచ్చునని 70వ అధికరణాన్ని సడలించే ప్రతిపాదన కూడా జాతీయ పత్రంలో ఉంది. రెండో సభ కంటే ఈ సడలింపే ముఖ్యమని మేము అంటాము. పార్టీ చీటీ చూసి చేయెత్తే సభ్యులు ఎన్ని సభల్లో కూర్చున్నా లెక్క ఒక్కటే.

అల్పసంఖ్యాకుల చోటు సంగతి ఇంకా తేలలేదు. ఆలీ రియాజ్ నాయకత్వంలోని రాజ్యాంగ సంస్కరణల సంఘం 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో 105 మంది సభ్యుల ఎగువ సభను సూచించింది. పార్టీలు ఇచ్చే నూరు పేర్లలో కనీసం అయిదు సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలవి కావాలంది. ప్రజల ముందుంచిన ప్రశ్నలో ఎగువ సభ గురించి నూరుగురు, ఓట్ల నిష్పత్తి, రాజ్యాంగ సవరణకు ఆ సభ ఆమోదం అన్న మాటలే ఉన్నాయి. పాకిస్తాన్ 1973లో అన్ని ప్రావిన్సులకూ సమాన స్థానాలతో సెనేట్ ఏర్పరచుకుంది. అప్పటికి తూర్పు భాగం చేజారిపోయి రెండేళ్లయింది. ఆ సెనేట్‌లో ముస్లిమేతరులకు ప్రావిన్సుకు ఒకటి చొప్పున నాలుగు స్థానాలు 2010 నాటి పద్దెనిమిదో సవరణతో గాని రాలేదు. బంగ్లాదేశ్ అంత ఆలస్యం చేయకూడదు. చక్మా, సంతాల్, హిందూ, బౌద్ధ, క్రైస్తవ వర్గాలకు ఆ నూరుగురిలో చోటు రాతపూర్వకంగా ఉండాలి. ఆ పేర్లను ఎంచడంలో ఆ వర్గాలకే మాట ఉండాలి.

మరొక చేదు నిజం కూడా చెప్పక తప్పదు. 2025 మేలో అవామీ లీగ్ కార్యకలాపాలను నిషేధించారు, ఎన్నికల సంఘం దాని నమోదును నిలిపివేసింది. ఆ పార్టీ నాయకులు చేసిన నేరాలకు విచారణ జరగవలసిందే. కాని ఆ పార్టీకి ఓటు వేస్తూ వచ్చినవారిలో హిందువులు చాలామంది ఉన్నారు. ఓట్ల నిష్పత్తితో సభను నింపేటప్పుడు ఓటు వేయడానికి తనకు నచ్చిన గుర్తే కనబడని పౌరుడి నిష్పత్తి ఎక్కడ చేరుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది అక్కడి అధికసంఖ్యాకులే.

మనం చేయవలసినది

రెండో సభ మైనారిటీలకు కోట కాదు. అది ఇచ్చేది కొన్ని వారాలో నెలలో గడువు. ఆ గడువును వాడుకోవడం మన పని. 2024లో వక్ఫ్ బిల్లు సంయుక్త కమిటీకి వెళ్ళి, ప్రజల సూచనలు కోరినప్పుడు మా ఊరి కుర్రవాళ్ళు ఫోన్లలో ఒకే నమూనా లేఖను వందలకొద్దీ పంపారు. వారి శ్రద్ధను మెచ్చుకుంటూనే మేము అన్నాము: నాయనా, వంద కాగితాలు ఒకే మాట చెబితే గుమాస్తా వాటిని ఒక కట్టగా కట్టి ఒకే కాగితంగా లెక్కిస్తాడు. మన ఊరి దర్గా భూమి సర్వే నంబరు, పాత రిజిస్టరు పుట, ఏ సంవత్సరంలో ఎవరు రాయించారో రాసిన ఒక్క కాగితం పంపండి, దానికి ప్రత్యేకంగా నంబరు పడుతుంది. ఆ తర్వాత మేము కొందరం కూర్చుని అటువంటివి ఏడు రాయగలిగాము. అప్పటికి గడువు ముగిసింది. ఏడుకు బదులు డెబ్బై రాయగల వ్యవధి దొరికింది గాని, మా దగ్గర కాగితాలు సిద్ధంగా లేవు. ఆ తప్పు ఢిల్లీది కాదు, మాది.

కాబట్టి పాఠకులకు మా మనవి. ఢాకా ఓటర్లు రెండో సభకు అవునన్నా కాదన్నా వారి ఇష్టం. ఆ సభ ఏర్పడేటప్పుడు, అందులో తక్కువ సంఖ్యలో ఉన్నవారికి చోటు రాసిపెట్టమని అక్కడి ముస్లిం మేధావులను, ఉలమాలను, పత్రికలను మన తరఫు నుంచి కూడా అడుగుదాము. ఇక్కడ రాజ్యసభలో మనకోసం ఏ గడువు కోరుతామో, ఆ గడువు అక్కడి హిందువుకు, చక్మాకు దక్కాలని కోరడంలో మనకు నష్టమేమీ లేదు. ఇక మసీదు కమిటీలు, వక్ఫ్ ముతవల్లీలు, ఖబరస్థాన్ పెద్దలు తమ దగ్గరున్న పాత కాగితాలను ఈ ఏడాదే నకళ్లు తీయించి, సర్వే నంబర్లతో వరుస పెట్టుకోవాలి. ఎక్కడో ఒక అధికారి, ఏదో ఒక సభ, స్థలం చూసి వచ్చారా అని అడిగే రోజు వస్తుంది. ఆ రోజున చూపించడానికి మన చేతిలో పుట ఉండాలి.